ప్రాసెసరు పిన్నులు: అవి మోయదగిన విద్యుత్తు



మన అనంతపురము సీమలో నీటిని కొలిచి వాడుకొనుట ఎవరును బోధింపకయే అలవడు విద్య. ఈ జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. కావున మన బాలబాలికలు విజ్ఞాన ప్రదర్శనమునకు ఏదైన యంత్రము చేయదలచినచో వారి మనస్సు మొదట నీటి మీదికే పోవును. నేల ఆరినప్పుడు తనంతట తానే పంపును నడిపి, నేల తడిసినంతనే దానిని నిలిపివేయు యంత్రము మన గుంతకల్లు పాఠశాలల ప్రదర్శనములలో తరచుగా కానవచ్చుచుండును. 2016వ సంవత్సరమున నీతి ఆయోగ్ వారు అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకమును ఆరంభించినది మొదలు ఆరవ తరగతి నుండి పండ్రెండవ తరగతి వరకు చదువుకొను పిల్లల చేతికి ప్రాసెసరు పలకలు, సెన్సారులు, చిన్న మోటారులు విరివిగా అందుచున్నవి. ఇది సంతోషింపదగిన సంగతి.

అయితే చేతికి వచ్చిన పనిముట్టు యొక్క బలము తెలిసికొనుట ఎంత అవసరమో, దాని బలహీనత తెలిసికొనుటయు అంత అవసరము. ప్రాసెసరు పిన్ను ఎంత విద్యుత్తును ఇయ్యగలదు, ఎంత పుచ్చుకొనగలదు అను ప్రశ్నకు జవాబు తెలియక చెడిపోయిన పలకలు పెక్కు కలవు. అట్టి పలక యొకటి నా మూలముననే చెడినది. ఆ సంగతి మొదట చెప్పి, పిదప శాస్త్రమును వివరించెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట తొమ్మిదవ తరగతి బాలు డొకడు పైన చెప్పిన నీటి యంత్రమును చేయ పూనుకొనెను. వానిది వేరుసెనగ పండించు కుటుంబము. నేలలో గ్రుచ్చిన సెన్సారు చక్కగా పనిచేయుచుండెను. ప్రదర్శనమునకు ముందునాటి సాయంకాలము వాడు చేత చిన్న పంపును పట్టుకొని, “అయ్యవారూ, దీని తీగెను నేరుగా పిన్నుకే తగిలించవచ్చునా?” అని అడిగెను. ఒక్కొక్క పిన్ను 40 మిల్లీఆంపియరుల వరకు తట్టుకొనునని నేను ఎక్కడనో చదివియుంటిని. ఆ పంపు అరచేతిలో ఇముడునంత చిన్నది. “ఇంత పంపుకు ఏమి కావలెను? తగిలించి చూడుము” అంటిని. పంపు రెండు మూడు క్షణములు నీరసముగా మూలిగి నిలిచిపోయెను. పలక మీది చిప్పును వ్రేలితో తాకగా చుఱుక్కుమనెను. అటుపిమ్మట ఆ పిన్ను మరల మేల్కొనలేదు. మరికొంత సేపటికి పలక యంతయు మూగవోయెను.

మరునాడు తోడి పిల్లలు, “వీడు పలకను కాల్చినాడు” అని వానిని ఎగతాళి చేసిరి. వాని తండ్రి బడికి వచ్చి, “మావాడేమన్నా చెడగొట్టినాడా అయ్యవారూ? ఎంతైతే అంత దుడ్లు నేను కడతాను” అనెను. నేను, “పరవాలేదులేప్పా, యంత్రమన్నాక చెడిపోతుంటుంది” అని పంపివేసితిని. ఆ మాట మర్యాదగానే యుండెను గాని, అందు సత్యము సగమే కలదు. తప్పు బాలునిది కాదు. వాడు అడుగవలసిన ప్రశ్నను అడుగవలసిన సమయముననే అడిగెను. జవాబు తెలియకయే తెలిసినట్లు చెప్పినది నేను. నా జవాబు ఎందుచేత తప్పయ్యెనో ఈ వ్యాసమున విశదపరచెదను.

పిన్ను వెనుక ఏమున్నది?

మన పిల్లలు ఎక్కువగా వాడు ఆర్డువినో ఊనో అను పలకను ఉదాహరణముగా గైకొందము. అందు మెదడు వంటిది ఏటీమెగా 328పి అను చిప్పు. అంగడివారు “కాళ్లు” అని పిలుచు లోహపు పిన్నులు దానికి 28 ఉండును. పైకి ఈ కాళ్లు గట్టిగానే కనబడును. కాని నల్లని కప్పు లోపల ప్రతి కాలి నుండి సిలికాను ముక్కకు పోవునది తల వెండ్రుక కంటె సన్నని తీగె. ఆ సిలికాను ముక్క మన చిటికెన వ్రేలి గోటి కంటె చిన్నది. దాని పైన గీచిన లోహపు దారులు ఆ తీగె కంటెను ఎన్నియో రెట్లు సన్ననివి.

బయటికి ఆజ్ఞ ఇచ్చు ప్రతి పిన్ను వెనుక రెండు ట్రాన్సిస్టరు స్విచ్చులు ఉండును. పై స్విచ్చు మూసికొన్నప్పుడు పిన్ను 5 వోల్టుల తీగెకు కలియును. అప్పుడు పిన్ను విద్యుత్తును ఇచ్చును. క్రింది స్విచ్చు మూసికొన్నప్పుడు పిన్ను భూమి తీగెకు కలియును. అప్పుడు పిన్ను విద్యుత్తును పుచ్చుకొనును. ఇచ్చినను పుచ్చుకొన్నను ప్రవాహము ఆ చిన్న స్విచ్చు గుండనే పోవలయును. కావున హద్దు రెండింటికిని కలదు.

ఆ స్విచ్చు మనము గోడ మీద నొక్కు స్విచ్చు వంటిది కాదు. మూసికొన్న తరువాతను దానికి కొంత నిరోధము మిగిలియుండును. మన చిప్పులో ఒక్కొక్క పిన్నుకు ఇది సుమారు 25 ఓములు. ప్రవాహము మిక్కిలి పెరిగినచో ఈ నిరోధము ఇట్లే స్థిరముగా నుండదు గాని, సంగతి బోధపడుటకు ఈ లెక్క చాలును.

ఓము నియమము, వేడి లెక్క

వోల్టేజిని నిరోధముచే భాగించిన ప్రవాహము వచ్చునను నియమమును మీరు పదవ తరగతిలో చదివెదరు. దానిని 1827వ సంవత్సరమున గ్రంథరూపమున వెల్లడించిన గేయోర్గ్ సైమన్ ఓము జర్మనీ దేశపు కొలోన్ పట్టణమున ఒక ఉన్నత పాఠశాలలో గణితమును, భౌతికశాస్త్రమును బోధించిన ఉపాధ్యాయుడు. తన బడి ప్రయోగశాలలోని పరికరములతోనే ఆయన ఈ నియమమును కనుగొనెను.

ఇప్పుడు ఆ నియమమును మన పంపునకు వర్తింపజేయుదము. తిరుగక నిలిచియున్న మోటారు ఒట్టి రాగి తీగె చుట్ట వంటిది. దాని నిరోధము 10 ఓములు అనుకొందము. పిన్ను లోపలి నిరోధము 25 ఓములు. మొత్తము 35 ఓములు. 5 వోల్టులను 35చే భాగించిన 0.143 ఆంపియరు, అనగా 143 మిల్లీఆంపియరులు వచ్చును. ఇందులో పంపునకు దక్కు వోల్టేజి 0.143 × 10, అనగా సుమారు 1.4 వోల్టులు మాత్రమే. పంపు నీరసముగా ఎందుకు మూలిగెనో ఇప్పుడు తెలిసినది కదా. తక్కిన 3.6 వోల్టులు చిప్పు లోపలనే వేడిగా మారినవి.

ఆ వేడి ఎంత? వేడి ప్రవాహము యొక్క వర్గమును బట్టి పెరుగును. 20 మిల్లీఆంపియరులు పోవునప్పుడు 25 ఓముల స్విచ్చులో పుట్టు వేడి 10 మిల్లీవాట్లు. 40 పోవునప్పుడు అది రెట్టింపు కాదు, నాలుగు రెట్లు: 40 మిల్లీవాట్లు. 143 పోవునప్పుడు 511 మిల్లీవాట్లు, అనగా మొదటి దానికి 51 రెట్లు. ప్రవాహము ఏడు రెట్లు కాగా వేడి ఏబది రెట్లు దాటినది. “కొంచెము ఎక్కువైనంత మాత్రమున ఏమగును?” అని అనుకొనువారు ఈ వర్గపు లెక్కను మరువరాదు.

రెండు హద్దులు

ఇక నేను చేసిన అసలు పొరపాటునకు వత్తము. ప్రతి చిప్పునకును దానిని చేసినవారు ఒక వివరపత్రమును ప్రకటింతురు. దానిని డేటాషీటు అందురు. అందు ప్రవాహమును గూర్చి రెండు సంఖ్యలు వేర్వేరు తావులలో ఉండును. ఏటీమెగా 328పి డేటాషీటులో “ఎట్టి పరిస్థితులలోను మించరాని హద్దులు” అను పట్టికలో ఒక్కొక్క పిన్నుకు 40 మిల్లీఆంపియరులు అని యున్నది. మరియొక పట్టికలో, 5 వోల్టులతో పిన్ను తన వోల్టేజిని సరిగా నిలుపుకొనుచు పనిచేయు ప్రవాహము 20 మిల్లీఆంపియరులు అని యున్నది.

మా తాతల కాలమున కపిల తోలి నీరు తోడెడివారు. కపిలకు కట్టు మోకు తెగిపోవు బరువొకటి, ఆ మోకుతో దినదినము తోడదగిన బరువొకటి. తెలిసిన రైతు తెగు బరువును తోడు బరువుగా ఎన్నడును ఎంచుకొనడు. 40 అనునది తెగు బరువు. 20 అనునది తోడు బరువు. మించరాని హద్దుల వద్ద చిప్పు సరిగా పనిచేయునని తాము చెప్పుట లేదనియు, ఆ హద్దుల వద్ద ఎక్కువకాలము నిలిపినచో దాని నమ్మకము తగ్గవచ్చుననియు చేసినవారే ఆ పట్టిక క్రింద హెచ్చరించియున్నారు. నేను పట్టికలోని సంఖ్యను మాత్రము విని, దాని పేరును చదువలేదు. 40 అనునది అనుమతి అనుకొంటిని. అది ప్రమాద సూచన. పైగా ఆ పంపు ఎంత పుచ్చుకొనునో కొలువనే లేదు.

ఒక పిన్ను చాలదు, మొత్తము చూడవలయును

ఒక్కొక్క పిన్ను హద్దులో నున్నంత మాత్రమున పని ముగియలేదు. పిన్నులన్నిటికిని విద్యుత్తును తెచ్చు తీగెలు, మరల కొనిపోవు తీగెలు ఉమ్మడివి. ఆ తీగెలకు మన చిప్పులో 200 మిల్లీఆంపియరులు మించరాని హద్దు. ఇది కూడ తెగు బరువే. ఇదియు గాక పిన్నులను గుంపులుగా విభజించి, గుంపు విద్యుత్తును ఇచ్చునప్పుడు 150, పుచ్చుకొనునప్పుడు 100 మిల్లీఆంపియరులు మించరాదని డేటాషీటు చెప్పుచున్నది.

గుంతకల్లు పిల్లలకు రైలు అనిన ప్రీతి. స్టేషను యార్డు నమూనా చేసి, అందు సిగ్నలు దీపములను వెలిగించువారు తరచుగా కలరు. ఆ నమూనాలో 18 చిన్న ఎల్‌ఈడీ దీపములున్నవనియు, ఒక్కొక్కటి 15 మిల్లీఆంపియరులు పుచ్చుకొనుననియు అనుకొందము. 15 అనునది 20 లోపలిదే. ప్రతి పిన్నును క్షేమమే. కాని అన్ని దీపములును ఒక్కసారి వెలిగినచో 18 × 15 = 270. ఇది 200 దాటినది. ఇంటిలో ఒక్కొక్కరు ఒక్కొక్క కడవ తోడికొన్నను బావి ఒక్కటే యని మరువరాదు. ఇట్టి నమూనాకు దీపమునకు 5 మిల్లీఆంపియరులు చాలును. అప్పుడు మొత్తము 90 మాత్రమే. ఈ కాలపు ఎల్‌ఈడీ దీపములు అంత తక్కువ ప్రవాహముతోను గదిలో చక్కగా కనబడును.

దీపమునకు రెసిస్టరు ఎట్లు ఎంచుకొనవలయునో చూడుడు. ఎఱ్ఱ ఎల్‌ఈడీ తనకై సుమారు 2 వోల్టులు ఉంచుకొనును. 5లో 2 పోగా మిగిలినవి 3 వోల్టులు. 220 ఓముల రెసిస్టరు పెట్టిన 3 ÷ 220, అనగా 13.6 మిల్లీఆంపియరులు. 330 పెట్టిన 9. 470 పెట్టిన 6.4. 560 పెట్టిన సుమారు 5.4. రెసిస్టరు లేకుండ ఎల్‌ఈడీని పిన్నుకు తగిలించుట, తలుపు లేని తూము వద్ద పొలము వేయుట వంటిది. మొదట వెలిగినను అది క్షేమము కాదు.

లోనికి వచ్చు పిన్నులకును హద్దు కలదు

సెన్సారు నుండి వార్తను వినుటకు పెట్టిన పిన్ను తానుగా దాదాపు ప్రవాహమును పుచ్చుకొనదు. ఒక మైక్రోఆంపియరునకు లోపలనే యుండును. అందుచేత దానికి అపాయము లేదని తలచుట పొరపాటు. దానికి అపాయము వోల్టేజి రూపమున వచ్చును. మన చిప్పులో పిన్ను మీది వోల్టేజి భూమి తీగె కంటె అర వోల్టు తక్కువకు గాని, సరఫరా కంటె అర వోల్టు ఎక్కువకు గాని పోరాదు. అట్లు పోయినచో పిన్ను లోపలనున్న కావలి డయోడులు తెరచుకొని ఆ అధిక విద్యుత్తును ప్రక్కకు మళ్లించును. ఆ డయోడులు క్షణకాలపు దెబ్బను కాచుకొనుటకు ఉంచినవే గాని, ఎడతెగని ప్రవాహమును మోయుటకు కాదు. వాని గుండ ఒక మిల్లీఆంపియరునకు మించి పోనీయరాదని చిప్పు చేసినవారు సలహా ఇచ్చియున్నారు.

ఈ హద్దు దాటినచో మరియొక చిత్రమైన కీడు కలుగవచ్చును. సిలికాను పొరల నడుమ, ఎవరును కోరకయే ఏర్పడిన ఒక దొంగ స్విచ్చు మూసికొని, సరఫరా తీగెను భూమి తీగెకు నేరుగా కలిపివేయును. దీనిని లాచప్ అందురు. సరఫరాను తీసివేయువరకు అది విడువదు. అంతలో చిప్పు మాడిపోవచ్చును.

కావున 12 వోల్టుల బ్యాటరీని చిప్పు చేత చూపింపదలచినచో నేరుగా తగిలింపక, 20 వేల ఓముల రెసిస్టరును, 10 వేల ఓముల రెసిస్టరును వరుసగా కలిపి, రెంటి నడుమ నుండి తీగె తీయవలయును. అచ్చట 12లో మూడవ వంతు, అనగా 4 వోల్టులే ఉండును.

మరియొక సామాన్యమైన పొరపాటు కలదు. పిన్నుకు ఒక నొక్కుడు బొత్తామును తగిలించి, దాని రెండవ కొనను భూమికి కలిపెదరు. ప్రోగ్రాములో పొరపాటున ఆ పిన్నును వినుటకు బదులు పలుకుటకు పెట్టి, 5 వోల్టులు ఇమ్మని ఆజ్ఞాపించెదరు. బొత్తాము నొక్కినంతనే 5 ÷ 25, అనగా సుమారు 200 మిల్లీఆంపియరులు పారును. నడుమ వేయి ఓముల రెసిస్టరు ఒకటి ఉన్నయెడల ఎంత పొరపాటు జరిగినను 5 మిల్లీఆంపియరులకు మించదు. దాని వెల అత్యల్పము. క్రొత్తగా నేర్చుకొను పిల్లలకు ఇంతకు మించిన కావలి లేదు.

వెంటనే చావని చిప్పు

హద్దు దాటిన చిప్పులన్నియు ఆ క్షణముననే చావవు. ఇదియే మనలను మోసపుచ్చు విషయము. సన్నని లోహపు దారిలో మితిమీరిన ప్రవాహము ఎడతెగక పోయినచో, ఎలక్ట్రానుల తాకిడికి లోహపు పరమాణువులే కొంచెము కొంచెముగా తావు మారును. వాగు తన గట్టును కోసినట్లు ఒకచోట దారి సన్నబడి, ఒకనాటికి తెగిపోవును. మోటరోలా సంస్థలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ అను ఆయన 1960వ దశకపు చివరి భాగమున దీనికి లెక్క కట్టిచూపెను. వేడియు, ప్రవాహపు ఒత్తిడియు పెరిగిన కొలది ఆయువు త్వరత్వరగా తగ్గునని ఆ లెక్క తెలుపుచున్నది. “నేను ఇట్లే తగిలించితిని, ఏమియు కాలేదు” అని మీ స్నేహితుడు చెప్పినచో అది నిజమే కావచ్చును. కాని “ఇంకను ఏమియు కాలేదు” అనుటయే సరియైన మాట.

లష్కరు నీటిని మోయడు

అట్లయిన పంపును నడుపుట ఎట్లు? తుంగభద్ర ఎగువ కాలువ మీద తూము తలుపును ఎత్తి దించు లష్కరును మీలో కొందరు చూచియుందురు. ఆయన చేయునది తలుపును త్రిప్పుట మాత్రమే. వందల ఎకరములకు పారు నీటిని ఆయన భుజముల మీద మోయడు. పిన్ను కూడ లష్కరు వంటిదే. దాని పని ఆజ్ఞ ఇచ్చుట. బరువును మోయుటకు వేరొక కాలువ ఉండవలయును. ఈ వ్యాసమున మీరు గుర్తుంచుకొనవలసిన మాట ఒక్కటే యైనచో, అది ఇదియే.

పిన్నుకును బరువునకును నడుమ నిలుచు తలుపు ట్రాన్సిస్టరు. 5 వోల్టుల చిన్న రిలేను నడుపుట చూడుము. అట్టి రిలే చుట్ట యొక్క నిరోధము సాధారణముగా 70 ఓములు. అది పుచ్చుకొను ప్రవాహము 71 మిల్లీఆంపియరులు. పిన్ను దీనిని మోయలేదు. కాని బీసీ 337 అను ట్రాన్సిస్టరు వందల మిల్లీఆంపియరులను మోయగలదు. పిన్ను నుండి వేయి ఓముల రెసిస్టరు గుండ ఆ ట్రాన్సిస్టరు బేసునకు తీగె కలుపుము. బేసు వద్ద 0.7 వోల్టు పోగా మిగిలిన 4.3 వోల్టులను వేయిచే భాగించిన 4.3 మిల్లీఆంపియరులు వచ్చును. పిన్ను ఇచ్చునది ఇంతే. ఈ స్వల్పపు ఆజ్ఞతో ట్రాన్సిస్టరు తెరచుకొని 71 మిల్లీఆంపియరులను రిలే చుట్ట గుండ పారించును. రిలే లోపలి లోహపు మీటలు మూసికొని, వేరొక బ్యాటరీ నుండి పంపునకు కావలసిన ప్రవాహమును అందించును.

ఇచ్చట ఒక జాగ్రత్త. రిలేకును మోటారునకును తీగె చుట్టలు కలవు. పారుచున్న ప్రవాహమును హఠాత్తుగా ఆపినచో చుట్ట ఊరకుండదు. తటాలున పెద్ద వోల్టేజిని ఎదురుగా విసరును. దానిని చుట్టలోనికే మళ్లించుటకు చుట్ట రెండు కొనల నడుమ 1ఎన్4007 వంటి డయోడును తిరగవేసి కట్టవలయును. డయోడు మీది తెల్లని గీత సరఫరా వైపున ఉండవలెను. డయోడు లేని చుట్ట మొదటి దినమున కాకున్న మరియొక దినమున ట్రాన్సిస్టరును బలి గొనును.

ఇది పిల్లల ఆటకు మాత్రమే సంబంధించిన పద్ధతి కాదు. మన జంక్షనులో బండి ఒక పట్టా నుండి మరియొక పట్టాకు మారునప్పుడు పాయింట్లను కదల్చు మోటారు 110 వోల్టుల డీసీ విద్యుత్తుతో తిరుగును. ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగు ఉన్న స్టేషనులలో దారిని నిర్ణయించునది ప్రాసెసరే. కాని ప్రాసెసరు ఆ మోటారును నేరుగా తాకదు. దాని ఆజ్ఞ మొదట రిలేకు పోవును. రిలే మోటారునకు విద్యుత్తును ఇచ్చును. పైన 25,000 వోల్టుల తీగె క్రింద నడుచు వేల గుఱ్ఱముల బలము గల విద్యుత్ ఇంజనుకును ఆజ్ఞలిచ్చునది చిన్న చిప్పులే. అంత పెద్ద పనిని అంత చిన్న వస్తువు చేయించుచున్నదనిన, ఆ బరువును తాను మోయకుండుట చేతనే.

ఒకే పేరు, వేరు హద్దు

పైన చెప్పిన సంఖ్యలు ఏటీమెగా 328పి చిప్పువి. వానిని కంఠస్థము చేసి ప్రతి పలకకును వర్తింపజేయరాదు. 2023వ సంవత్సరమున వెలువడిన ఆర్డువినో ఊనో ఆర్4 అను పలక పాత ఊనో ఆకారముననే ఉండును; పిన్నుల వరుసయు అదియే. కాని అందలి చిప్పు వేరు. ఒక్కొక్క పిన్నుకు హద్దు 8 మిల్లీఆంపియరులు మాత్రమే. పాత పలక మీద 220 ఓముల రెసిస్టరుతో క్షేమముగా వెలిగిన ఎఱ్ఱ దీపము, క్రొత్త పలక మీద హద్దు దాటి 13.6 మిల్లీఆంపియరులు కోరును. 470 ఓములు పెట్టినచో 6.4తో సరిపోవును.

రాస్ప్‌బెరీ పై పలక పిన్నులు 3.3 వోల్టులవి. వానికి 5 వోల్టుల సెన్సారును నేరుగా తగిలింపరాదు. రాస్ప్‌బెరీ పై పికో పలకలోని ఆర్‌పి 2040 చిప్పుకు పిన్నులన్నిటికిని కలిపి 50 మిల్లీఆంపియరులు హద్దు. కావున పలక పేరును కాదు, దాని మీది చిప్పు పేరును చదివి, ఆ చిప్పు డేటాషీటును తెరచి చూడుడు.

తగిలించుటకు ముందు

ప్రయోగశాల గోడ మీద వ్రాసికొనుటకు వీలుగా ఈ క్రింది నియమములను సంగ్రహించుచున్నాను.

1. తగిలింపబోవు వస్తువు ఎంత ప్రవాహమును పుచ్చుకొనునో మొదట కొలువుము. మోటారు ఆరంభమున పుచ్చుకొనునది తిరుగునప్పటి దాని కంటె ఎక్కువ.

2. తెగు బరువును కాక, తోడు బరువును చూడుము. అందును సగముతో పని జరిగినచో మరియు మేలు.

3. పిన్నులన్నిటి ప్రవాహమును కూడి, మొత్తపు హద్దుతో పోల్చుము.

4. మోటారు, రిలే, పంపు, పెద్ద దీపము: వీనిని పిన్నుకు నేరుగా తగిలింపకుము. నడుమ ట్రాన్సిస్టరు ఉండవలయును. చుట్ట గలదానికి డయోడును ఉండవలయును.

5. బరువునకు వేరు బ్యాటరీ పెట్టుము. ట్రాన్సిస్టరుతో నేరుగా నడుపునప్పుడు రెండు సరఫరాల భూమి తీగెలను కలుపుట మరువకుము.

6. తీగెలు మార్చునప్పుడు సరఫరాను తీసివేయుము. చిప్పు వేడెక్కినచో వెంటనే ఆపుము.

7. ఇంటి 230 వోల్టుల విద్యుత్తును గాని, పొలము మోటారును గాని రిలే ద్వారా నడుపుటకు పిల్లలు ఎన్నడును పూనుకొనరాదు. అచ్చట పోవునది చిప్పు కాదు, ప్రాణము.

ముగింపు

ఆ బాలుడు మరు సంవత్సరము తన యంత్రమును మరల చేసెను. ఈ పర్యాయము మే మిద్దరమును మొదట డేటాషీటును ముందుంచుకొని, కాగితము మీద లెక్క కట్టితిమి. పిన్ను 4.3 మిల్లీఆంపియరులు ఇచ్చెను. ట్రాన్సిస్టరు రిలేను నడిపెను. రిలే పంపును నడిపెను. ప్రదర్శనము జరిగిన రెండు దినములును తొట్టిలోని మొక్కకు నీరు అందెను. చిప్పును వ్రేలితో తాకిచూచితిని. చల్లగానే యుండెను.

కాని మొదటి పలక చెడిన నాడు ఆ తండ్రితోను, తోడి పిల్లలతోను చెప్పవలసిన మాటను నేను చెప్పలేదు. ఆ తండ్రి దుడ్లు కట్టెదనని సిద్ధపడి వచ్చినది తన కుమారుని తప్పునకు కాదు, నా తప్పునకు. ఈ సంచిక వారి ఇంటికిని చేరును గనుక ఇచ్చట స్పష్టముగా వ్రాయుచున్నాను: ఆ పలకను కాల్చినది నీ కుమారుడు కాదప్పా, నేను.

విద్యార్థులారా, మీ ఉపాధ్యాయుడు ఒక సంఖ్యను చెప్పినప్పుడు, “అది ఏ పట్టికలోనిది, అయ్యవారూ?” అని అడుగుటకు సంకోచింపకుడు. అట్లు అడుగుట అవిధేయత కాదు. ఆనాడు ఆ ప్రశ్నను నేనే నన్ను అడుగుకొనియుండినచో ఒక పలకయు దక్కియుండును, ఒక బాలునికి నిందయు తప్పియుండును.